నాలుగు వేళ్ల అచ్చు

వంటగది గట్టు మీద తువ్వాలు పరిచి, దాని మీద పాపని పడుకోబెట్టి, తల్లి దాని ఎడమ బుగ్గకి క్రీము పూస్తోంది. చర్మం రంగు క్రీము. వేలి కొసతో కొంచెం కొంచెంగా, కంటి కింద నుంచి దవడ దాకా. పొయ్యి మీద పాలు పొంగడానికి వచ్చాయి. పాప కాళ్లతో గాలిని తంతూ, తల్లి మొహంలోకి చూసి బోసినోటితో నవ్వుతోంది. కాన్పు తర్వాత ఆమె మళ్లీ లాండ్రీ పనిలో చేరేది ఆ రోజే. హోటళ్ల నుంచి వచ్చే దుప్పట్లన్నీ ఇస్త్రీ చేసి మడత పెట్టడం ఆమె పని.

బుగ్గ మీద ఆ మచ్చ పాప పుట్టినప్పుడే ఉంది. ద్రాక్షరసం ఒలికినట్టు ముదురు ఎరుపు. బుగ్గ మీదైతే దవడ దగ్గర ఒక్కటిగా మొదలై, పైకి వచ్చేసరికి నాలుగు పాయలుగా చీలింది. ఎవరో లాగి చెంపదెబ్బ కొడితే వేళ్లు అచ్చుపడినట్టే ఉంటుంది. పాప ఏడిస్తే ఇంకా ఎర్రబడి, అప్పుడే తగిలిన దెబ్బలా కనిపిస్తుంది. "నొప్పీ లేదు, దురదా లేదు. కంటికి దగ్గరగా ఉంది కాబట్టి ఒకసారి కంటి పరీక్ష చేయించండి, అంతే" అంది డాక్టరమ్మ. ఆ పరీక్షకి ఇవాళ తండ్రి తీసుకెళ్లాలి.

అతను చొక్కా గుండీలు పెట్టుకుంటూ వచ్చి గుమ్మంలో ఆగాడు. టైర్ల షాపులో పని. భారీ మనిషి. ఎంత రుద్దినా చేతుల నలుపు వదలదు. అక్కడ అందరూ అతన్ని 'పటాసు' అంటారు. వెలిగించక్కర్లేదు, అటువైపు చూస్తే చాలు, పేలతాడని.

"మళ్లీ ఆ సున్నం కొడుతున్నావా?"

"సున్నం కాదు, క్రీము."

"గోడ పెచ్చులూడితే పూస్తారు. పిల్లకి కాదు. నీ బిడ్డని చూసి నీకే సిగ్గా?"

ఆమె మూత బిగించి క్రీము డబ్బా పక్కన పెట్టింది. ఆ మౌనమే అతనికి ఒళ్లు మండించింది. కాలి దగ్గరున్న స్టూలుని ఎగరేసి తన్నాడు. అది వెళ్లి గోడకి కొట్టుకుని కాలు విరిగి పడింది. పాప ఉలిక్కిపడి ఏడుపు లంకించుకుంది. పాలు పొంగి పొయ్యి మీద పడ్డాయి.

ముందు గదిలోంచి అతని తల్లి వచ్చింది. "ఒరేయ్, తెల్లారగానే మొదలెట్టావా? పూస్తే పూయనీ. నలుగురూ అడక్కుండా ఉంటారు. మన వంశంలో ఎవరికీ లేదు ఇలాంటిది, ఎక్కణ్ణుంచి వచ్చిందో ఏమో" అంటూ కోడలి వైపు ఓ చూపు విసిరింది.

కోడలు పొయ్యి కట్టేసి పాపని ఎత్తుకుంది. మొన్ననే టైర్ల షాపుకి వచ్చిన ఒక గిరాకీ కారు దిగుతూ, పటాసు ఫోనులో పాప ఫోటో చూసి, "ఏంటయ్యా, ఇంట్లో కోపం పిల్ల మీద చూపించావా?" అని నవ్వాడు. పటాసు చేతిలో ఉన్న ఇనప రాడ్డుతో ఆ కారు అద్దం పగలగొట్టాడు. తర్వాత ఆ మనిషి పళ్లు కూడా. ఇంకోసారి ఇలా జరిగితే పని ఉండదని యజమాని తేల్చి చెప్పాడు. అంతకుముందు కూరల దుకాణంలో ఒకడు. ఇంకా ముందు ఎదురింటాయన. వాళ్లలో ఎవరూ రెండోసారి ఇటువైపు చూడలేదు. అసలు ఆ వీధిలో ఇప్పుడెవరూ వీళ్లతో మాట్లాడటమే లేదు.

"బస్సులో కాస్త ఓపిగ్గా ఉండండి. ఎవరైనా ఏదైనా అంటే..." అంది ఆమె, పాల సీసా సంచిలో పెడుతూ.

"అంటే?"

"ఏం లేదు. జాగ్రత్త."

* * *

బస్సు కిక్కిరిసి ఉంది. పాపని చూసి ఎవరో సీటు ఇచ్చారు. అతను కిటికీ పక్కన కూర్చుని పాపని ఒళ్లో పెట్టుకున్నాడు. కాసేపటికి ఎండ మొహాన పడి పాప ఏడవటం మొదలుపెట్టింది. సీసా అందిస్తే తోసేసింది. పాలు గడ్డం మీదుగా కారాయి. అతను భుజం మీది గుడ్డతో తుడిచాడు. ఏడుపు ఆగలేదు. కన్నీళ్లు తుడిచాడు. చెమట తుడిచాడు. తుడిచిన కొద్దీ క్రీము గుడ్డకి అంటుకుంటూ వచ్చింది, బుగ్గ మీద నాలుగు వేళ్లూ ఒక్కొక్కటిగా బయటపడ్డాయి. ఏడ్చి ఏడ్చి ఎర్రబడి, మండుతున్నట్టున్నాయి.

ఎదుటి సీట్లో నడివయసు మనిషి ఒకామె కూర్చుని ఉంది. బట్టలు కుట్టే పని. మెడలో కొలతల టేపు వేలాడుతోంది. ఆమె పాప బుగ్గ చూసింది. అతని నల్లటి చేతులు చూసింది. మళ్లీ బుగ్గ చూసింది.

"ఏమయ్యా! ఆ పసిగుడ్డుని కొట్టావా?"

బస్సులో తలలన్నీ ఇటు తిరిగాయి.  పుట్టుమచ్చ అన్న ఒక్క మాట అతని నోట్లోంచి వస్తే సరిపోయేది. అది ఎప్పుడూ రాలేదు, అప్పుడూ రాలేదు.

"నోరు ముయ్. నీకెందుకు? నా బిడ్డ, నా ఇష్టం."

"నీ ఇష్టమా? పాలు తాగే పిల్లని వేళ్లు తేలేలా కొట్టి, నీ ఇష్టమా?" ఆమె లేచి నిలబడింది. "చూడండి బాబూ, మీరైనా చూడండి! ఎలా కమిలిపోయిందో ఆ బుగ్గ!"

"వాళ్లమ్మేది?" అని ఎవరో అడిగారు. "అసలు వాడి పిల్లేనా?" అని ఇంకెవరో అన్నారు. వెనక నుంచి ఒక యువకుడు వచ్చి అతని కాలరు పట్టుకున్నాడు. "దిగరా కిందకి."

పటాసు పేలాడు. ఎడమ చేత్తో పాపని అదిమిపట్టి, కుడి పిడికిలితో ఆ యువకుడి మొహం మీద గుద్దాడు. ముక్కు చితికి రక్తం చిమ్మింది. రక్తం చూడగానే బస్సంతా మీద పడింది. వెనక నుంచి మెడ మీద ఒక దెబ్బ. హెల్మెట్‌తో తల మీద ఇంకొకటి. కండక్టరు విజిల్ ఊదుతూనే ఉన్నాడు. డ్రైవరు బ్రేకు వేయగానే, గుంపు అతన్ని మెట్ల మీదుగా రోడ్డు మీదకి ఈడ్చింది.

"పిల్లల్ని ఎత్తుకుపోయేవాడంట!"

ఆ మాట ఎవరు అన్నారో తెలియదు. రోడ్డు మీద పోతున్నవాళ్లు కూడా పరిగెత్తుకొచ్చారు. ఎందుకు కొడుతున్నారో తెలియనివాళ్లు కూడా చెయ్యి వేశారు. ఎవరో పాప కాలు పట్టుకుని లాగారు. పాప కెవ్వుమంది.

ఆ అరుపుతో అతని పిడికిలి విడిపోయింది. రెండు చేతులూ పాప చుట్టూ చుట్టేసి, మోకాళ్ల మీద కూలబడి, పాప మీద గొడుగులా వంగిపోయాడు. నుదురు తారు మీద ఆనించాడు. ఆ తర్వాత అతని చెయ్యి ఎవరి మీదకీ లేవలేదు. బూటు కాళ్లు పక్కటెముకల్లో దిగాయి. లోపల ఏదో పుటుక్కుమంది. కర్రతో వీపు మీద బాదారు. తల పగిలి రక్తం కళ్లలోకి కారింది. "పుట్టుమచ్చ... పుట్టుమచ్చరా..." అన్నాడు. ఇప్పుడు మాట వచ్చింది గానీ వినేవాళ్లు లేరు.

కుట్టుపని ఆమె జనాన్ని తోసుకుంటూ వచ్చింది. పిల్లని విడిపించాలని అతని మోచేతుల మధ్యకి వంగింది. జానెడు దూరంలో పాప మొహం కనిపించింది. ఆ ఎరుపు బుగ్గ దగ్గర ఆగలేదు. చెవి వెనక్కి పాకి, మెడ మీదకి దిగి, జుట్టు లోపలికి కూడా వెళ్లింది. ఏ మనిషి దెబ్బా అలా పడదు.

"ఆపండి! దెబ్బ కాదురా, మచ్చ! పుట్టుమచ్చ! ఆపండి!"

ఎవరూ ఆగలేదు. ఆమె అతని వీపు మీద అడ్డంగా పడింది. దిగుతున్న కర్ర ఆమె ముంజేతి మీద దిగింది. ఆ ఎముక విరిగిన చప్పుడికి, ఆమె పెట్టిన కేకకి, జనం ఒక్కసారిగా వెనక్కి తగ్గారు. ట్రాఫిక్ పోలీసు వచ్చేసరికి కొట్టినవాళ్లు ఎటువాళ్లు అటు జారుకున్నారు. రోడ్డు మీద ఒక హెల్మెట్, పగిలిన పాల సీసా, రక్తం మిగిలాయి.

* * *

ఆసుపత్రి వార్డులోకి పాప తల్లి లాండ్రీ ఏప్రన్‌తోనే పరిగెత్తుకొచ్చింది. మంచం మీద ఉన్నది తన భర్తేనని పోల్చుకోవడానికి క్షణం పట్టింది. ఒక కన్ను పూర్తిగా మూసుకుపోయింది. తలకి కట్టు, ఛాతీకి కట్టు. పక్కనే అత్తగారు పాపని భుజాన వేసుకుని నిలబడి ఉంది.

"పాప..."

"పాపకి గీత కూడా పడలేదు. వాడే చచ్చి బతికాడు" అంటూ అత్తగారు పాపని పక్కనున్న ఉయ్యాల మంచంలో పడుకోబెట్టి, వెనక్కి తిరిగి, కోడలి చెంప మీద ఛెళ్లుమని కొట్టింది. వార్డులో అందరూ తిరిగి చూశారు. "నీ పూతలే నా కొడుకు ప్రాణం మీదకి తెచ్చాయి! దాచావు! దాచబట్టే దొంగతనంలా బయటపడింది!"

కోడలు చెంప పట్టుకోలేదు. "పొద్దున పూయనీ అన్నది మీరే కదత్తయ్యా."

"ఎదురు మాట్లాడతావా?" మళ్లీ చెయ్యి లేచింది. ఈసారి అది దిగలేదు. వెనక నుంచి ఎవరో ఆ మణికట్టు పట్టుకున్నారు.

కోడలి అన్నయ్య. ఐసు ఫ్యాక్టరీలో దిమ్మలు లాగే పని. కబురు వినగానే, దిమ్మల్ని లాగే ఇనప కొక్కెం చేతిలో ఉండగానే వచ్చేశాడు. "మా చెల్లి మీద చెయ్యేస్తావా?" అంటూ ఆ చేతిని విసిరికొట్టాడు. పెద్దావిడ మందుల బల్లకి తగిలి కింద పడింది. సీసాలు భళ్లున పగిలాయి. ఆమె మోచెయ్యి గాజుపెంకుల మీద పడి కోసుకుపోయింది.

"మా అమ్మనిరా!" మంచం మీంచి పటాసు అరిచాడు. సెలైన్ గొట్టం పీకేసి లేవబోయి, విరిగిన పక్కటెముకలు గుచ్చుకుని నేల మీద కుప్పకూలాడు. అయినా పాకుతూ వచ్చి బావమరిది కాలు పట్టుకున్నాడు. అన్నయ్య కొక్కెం ఎత్తాడు. ఎవరి మీదకి ఎత్తాడో అతనికే తెలిసినట్టు లేదు.

"చాలు!"

ఆమె ఇద్దరి మధ్యకి వచ్చి నిలబడింది. ఏనాడూ గొంతు పెంచని మనిషి. ఆ కేకకి అన్నయ్య చెయ్యి గాలిలోనే ఆగిపోయింది.

"చంపుకోండి. ఒకళ్లనొకళ్లు చంపుకుంటే పీడా పోతుంది. బయటివాళ్లు కొట్టింది సరిపోలేదు మీకు."  భర్త వైపు తిరిగింది. "పొద్దున అడిగారు కదా, నీ బిడ్డని చూసి నీకే సిగ్గా అని. సిగ్గు కాదండీ. భయం."

"భయమెందుకు..."

"జనం పాపని చూస్తారని కాదు. వాళ్లు చూడటం మీరు చూస్తారని. ఎవరి కళ్లు ఆ బుగ్గ మీద పడినా, నేను ముందు మీ చేతుల వైపు చూసేదాన్ని. పిడికిలి పడిందా లేదా అని. కూరలవాడు, ఎదురింటాయన, మొన్న ఆ కారు మనిషి... ఇంకెవర్ని కొడతారో, ఏ రోజు జైలుకి పోతారో అని వణుకుతూ బతికాను. మీ చెయ్యి లేవకుండా ఉండాలని పూశాను ఆ క్రీము. ఆ భయంలో నా బిడ్డ మొహం నేను కళ్లారా చూసుకున్నది లేదు."

అతను నేల మీద అలాగే ఉండిపోయాడు. అన్నయ్య మెల్లగా కొక్కెం దించాడు. పెద్దావిడ మోచేతి రక్తాన్ని చీర చెంగుతో అదుముకుంటూ, కొడుకునీ కోడలినీ మార్చి మార్చి చూసింది. 

నర్సు కేకలు వేస్తూ వచ్చింది. ఇద్దరు వార్డుబాయ్‌లు సాయంపట్టి అతన్ని మళ్లీ మంచం మీదకి చేర్చారు. గాజుపెంకులు ఊడుస్తుండగా, గుమ్మం దగ్గర కుట్టుపని ఆమె వచ్చి నిలబడింది. ముంజేతికి కట్టు, చెయ్యి మెడకి వేలాడుతోంది.

"బస్సులో... ముందు అరిచింది నేనే" అంది.

ఆ మాట పూర్తి కాకుండానే అన్నయ్య ఒక్క దూకులో ఆమె దగ్గరికి వెళ్లి, జబ్బ పట్టుకుని గోడకి నొక్కాడు. విరిగిన చేతికి తగిలి ఆమె బాధతో కేక పెట్టింది. "నువ్వేనా? మా బావని చంపించబోయింది నువ్వేనా?"

"వదలరా!" పటాసు గొంతులో శక్తి లేదు, కానీ ఆ మాటలో ఏదో ఉంది. "వదులు బావా. ఆ చెయ్యి నాకోసం విరిగింది."

అన్నయ్య అర్థం కానట్టు చూశాడు.

"ఆమె నా వీపు మీద అడ్డంగా పడింది. ఆ దెబ్బ నా తల మీదకి రావాల్సింది. పడి ఉంటే ఇప్పుడు నువ్వు నా శవం ముందు కొట్లాడేవాడివి."

అన్నయ్య చేతులు జారిపోయాయి. ఆమె గోడకి ఆనుకుని కన్నీళ్లు తుడుచుకుంది. "క్షమించమని అడగటానికి వచ్చాను బాబూ. నేను అరవకపోతే ఇంతదాకా వచ్చేది కాదు. ముందు కనుక్కోవాల్సింది. నెమ్మదిగా అడగాల్సింది."

"అడిగినా చెప్పేవాణ్ణి కాదమ్మా" అన్నాడు అతను. "నాకు చెప్పడం చేతకాదు. కొట్టడమే చేతనవును. ఇవాళ కూడా మొదటి దెబ్బ నాదే." అతని తెరిచి ఉన్న ఒక్క కంట్లోంచి నీళ్లు కారి కట్టు మీదకి దిగాయి. "కింద పడి తన్నులు తింటుంటే ఒకటే అనిపించింది. వీళ్లెవరికీ నేనేం చేశానో తెలియదు, ఎవరూ అడగలేదు. నేనూ అంతేగా? ఆ కారు మనిషి నవ్వాడు. ఎందుకు నవ్వాడో అడిగానా? పళ్లు రాలగొట్టాను. వాడికీ ఇంట్లో పిల్లలుంటారు."

 అతను కుట్టుపని ఆమె వైపు చెయ్యి చాచాడు. "నువ్వు నా బిడ్డకోసమే అరిచావు. నిజంగానే ఎవడో కొట్టి ఉంటే, నువ్వొక్కదానివే కదా అడిగింది. బస్సు నిండా మనుషులు ఉన్నారు, అందరూ ఎదురుచూస్తున్నారు ఎవరో ఒకరు ముందు నోరు తెరవాలని. నీ మీద నాకు కోపం లేదమ్మా."

ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. అన్నయ్య తల వంచుకుని కొక్కెం మంచం కిందకి తోసేసి, పెద్దావిడ దగ్గరికి వెళ్లి మోకాళ్ల మీద కూర్చున్నాడు. "అత్తయ్యా, ఆ చెయ్యి ఇలా ఇవ్వండి. కట్టు కట్టిస్తాను."

"నువ్వే పడదోసి నువ్వే కట్టిస్తావురా?" అంది ఆవిడ. తిట్టాలని మొదలుపెట్టిన ఆ మాట ఏడుపులోకి జారింది. చెయ్యి ఇచ్చింది. రెండో చేత్తో కోడలి కొంగు పట్టుకుని దగ్గరికి లాక్కుంది. కందిన చెంప మీద అరచెయ్యి వేసి, "గట్టిగా తగిలిందా అమ్మాయ్?" అని అడిగింది. కోడలు తల అడ్డంగా ఊపింది. తర్వాత నిలువుగా ఊపింది. ఇద్దరికీ ఒకేసారి ఏడుపు ముంచుకొచ్చింది.

ఈ గోలకి పాప లేచి ఏడ్చింది. తల్లి ఉయ్యాల మంచంలోంచి బిడ్డని ఎత్తుకుంది. బుగ్గ మీద క్రీము ఆనవాలు కూడా లేదు. కిటికీ వెలుగులో మచ్చ ఎర్రగా, పూర్తిగా కనిపిస్తోంది. పక్క మంచం మీద కాలికి పిండికట్టుతో ఉన్న ముసలాయన ఇదంతా చూస్తూ ఉన్నాడు. తల పైకెత్తి అడిగాడు.

"ఆ పిల్ల బుగ్గ మీద ఏంటమ్మా అది?"

 అన్నయ్య భుజాలు బిగుసుకున్నాయి. పెద్దావిడ కొడుకు వైపు చూసింది. కుట్టుపని ఆమె కళ్లు మూసుకుంది.

"పుట్టుమచ్చ తాతా" అన్నాడు పటాసు. మామూలు గొంతుతో, ఎవరో టైము అడిగితే చెప్పినట్టు. "పుట్టినప్పట్నుంచీ ఉంది. దెబ్బలా కనిపిస్తుంది గానీ నొప్పి లేదు."

"నొప్పి లేదు కదా, ఇంకేం మరి" అని ముసలాయన దిండు మీదకి వాలాడు. "అంత ఏడుస్తోందంటే ఆకలేస్తున్నట్టుంది. ముందు పాలు పట్టండి."

భర్త మంచం అంచున కూర్చుని ఆమె బిడ్డకి పాలిచ్చింది. అతని చేతుల వైపు చూడాలని గుర్తే రాలేదు. పాప మొహం చూస్తూ కూర్చుంది. మచ్చ ఎక్కడ మొదలవుతుందో, ఎక్కడ పల్చబడుతుందో, కనురెప్ప దగ్గర ఎంత సన్నగా ఆగిపోతుందో, అన్నీ తీరిగ్గా చూసింది. పాప కళ్లు మూసుకుని గుటకలు వేస్తోంది. అవతల దిండు మీద అతను తల పక్కకి తిప్పి, తెరిచి ఉన్న ఆ ఒక్క కంటితో అదే బుగ్గని చూస్తున్నాడు.

"నీ పోలికేనే" అన్నాడు నెమ్మదిగా.

"మీ పోలికే. ఆ ఏడుపు వినలేదూ?" అంది ఆమె, కళ్లు తుడుచుకుంటూ.